కర్పూరంలో మిరియాలు

మా యూనిట్ ఇళ్ళ వరసకి చీమల మందు కొట్టే మనిషి వచ్చిన రోజు శేషుకుమారి గారు తలుపు తియ్యలేదు. అతను రెండుసార్లు బెల్లు కొట్టి, కిటికీలోంచి తొంగిచూసి, "మీ ఫ్రెండ్ లోపలే ఉంది, నన్ను చూసి కూడా లేవడం లేదు" అని నాకు ఫిర్యాదు చేశాడు. నిజమే, ఉన్నారు. వంటింటి నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒక చేత్తో గడియారం, ఇంకో చేత్తో పెన్సిలు పట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా సింకు కింద నుంచి పంచదార డబ్బా దాకా నల్లచీమల బారు. మధ్యలో ఒక స్టీలు పళ్ళెం అడ్డంగా నిలబెట్టి, చీమలు ఏం చేస్తాయో నిమిషం నిమిషం రాసుకుంటున్నారు.

ఇది మెల్‌బోర్న్ పక్కన వెర్రిబీలో, రెండువేల సంవత్సరం ఫిబ్రవరిలో. అప్పట్లో వెర్రిబీలో తెలుగు ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో మా రెండూ ఒక గోడకి అటూ ఇటూ ఉండేవి. నా పేరు జాక్లిన్, మాది బాపట్ల. ఇక్కడ ముసలివాళ్ళ హోములో నర్సుని. శేషుకుమారి గారిది రామచంద్రపురం. అక్కడి ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుగా పదకొండేళ్ళు చేశారు. ఆ పదకొండేళ్ళలో ఆవిడకి ఒక పిచ్చి పట్టుకుంది. కంటికి కనిపించిన ప్రతిదీ తేదీతో, టైముతో రాసిపెట్టాలి. పెరుగు ఎన్నింటికి తోడుకుందో కూడా రాసేవారు. నేను ఎన్ని ఎగతాళులు చేశానో లెక్కలేదు.

భర్త రామ్మోహన్ గారు తొంభై ఎనిమిదిలో ఒక ఇన్సూరెన్సు కంపెనీకి పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచెయ్యడానికి వచ్చారు. రెండువేలు రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా బెదిరిపోతున్న రోజులవి. తొంభై తొమ్మిది డిసెంబరు ముప్ఫై ఒకటిన ఆయన ఆఫీసులోనే పడుకున్నారు. తెల్లారింది, ఏమీ ఆగలేదు. మార్చికల్లా ఆయన కాంట్రాక్టు మాత్రం ఆగింది. ప్రపంచం మునగలేదు గానీ ఆ ఉద్యోగం మునిగింది. తర్వాత ఏ ఏజెన్సీకి ఫోన్ చేసినా, అవే పాత ప్రోగ్రాములు తెలిసినవాళ్ళు ఇంకో వందమంది వరసలో ఉన్నారనే చెప్పేవాళ్ళు.

శేషుకుమారి గారికి అంతకు ముందు ఏడాదే ఒక యూనివర్సిటీలో పని దొరికింది. పని అంటే క్యాజువల్. సెమిస్టరు ఉంటే పిలుస్తారు, లేకపోతే లేదు. గాజుసామాను కడగడం, స్టోరు తుడవడం, అడిగినవి తూచి ఇవ్వడం. "పదకొండేళ్ళు పిల్లలకి టైట్రేషన్ నేర్పి ఇక్కడికొచ్చి గిన్నెలు తోమేదాన్నయ్యానమ్మా" అని నవ్వుతూనే అనేవారు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. అదే ల్యాబులో ఆ ఏడాది చివర ఒక పర్మనెంట్ టెక్నీషియన్ పోస్టు వేస్తారని తెలిసింది. అది వస్తే ఉంటారు, రాకపోతే క్రిస్మస్ సెలవులతో క్యాజువల్ పని కూడా ముగిసిపోతుంది. ఇంట్లో ఒకరికి పని పోయిన మాట అలా ఉంచండి, ఆవిడకి ఆ పోస్టు మీద ఉన్న ఆశ వేరు. ఆస్ట్రేలియాలో కూడా తను ల్యాబు మనిషినే అని ఒక కాగితం మీద రాసి ఉండాలని ఆవిడ కోరిక.

ఇక ఆ ల్యాబు సంగతి. అక్కడ ప్రొఫెసర్ విట్‌కోంబ్ అని పెద్దాయన, చీమలని చూసి రోబోలకి దారి నేర్పే పని పెట్టుకున్నాడు. ఆసుపత్రి వరండాల్లో దుప్పట్లూ భోజనాలూ మోసే బళ్ళు మనిషి తోడు లేకుండా తిరగాలి, అడ్డం వస్తే పక్కకి తప్పుకోవాలి. అదీ ఆయన కల. ఇదంతా, నేను కారులో స్టేషనుకి దింపేటప్పుడు శేషుకుమారి గారే నాకు చెప్పేవారు.

"చీమకి మ్యాపు లేదమ్మా, దారి చెప్పే పెద్ద చీమా లేదు. నడిచినంత మేరా వాసన వదుల్తుంది, అంతే. దగ్గరి దారిన పోయింది ముందొస్తుంది, మళ్ళీ ముందెళ్తుంది. అంచేత ఆ దార్లో వాసన ఎక్కువవుద్ది. వాసన ఎక్కడెక్కువుంటే మిగతాయీ అటే పోతాయి. ఏ ఒక్క చీమకీ దగ్గరి దారేదో తెలీదు, అన్నీ కలిస్తే తెలుస్తుంది!"

ఎనిమిది రోబోలు ఉండేవట, ఒక్కోటి ఇడ్లీపాత్ర మూతంత. నేల మీద తిరుగుతూ కడుపులోని సన్నగొట్టం నుంచి వాసన చుక్కలు వదిలేవి. వెనక వచ్చేవి ముక్కులాంటి ఒక సెన్సరుతో పసిగట్టేవి. ఏమిటా వాసన అనుకున్నారు? కర్పూరం. స్పిరిట్టులో కరిగించిన కర్పూరం. మరక పడదు, జిడ్డు ఉండదు, తనంతట తనే ఆరిపోతుంది. ఉద్యోగంలో చేరిన రోజు ప్రొఫెసర్ కర్పూరం జాడీ చూపించి, దీన్నెప్పుడైనా వాడావా అని అడిగాడట. "రోజూ పొద్దున్నే" అన్నారట ఈవిడ. ఆయనకి అర్థం కాలేదు. మా ఇంట్లో జలుబుకి తప్ప కర్పూరంతో పని లేదు గానీ, ఆ మాటకి నేను కూడా కడుపుబ్బ నవ్వాను.

ఆ ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్నవాడు చలపతి. రాజోలు కుర్రాడు, ఇరవయ్యేడేళ్ళు. ఒకరోజు స్టోరులో ఈవిడ సీసాలు తెలుగులో లెక్కపెట్టుకుంటుంటే గుమ్మంలో ఆగిపోయి, "అక్కా, ఏ ఊరండి మీది?" అన్నాడట. ఆ బిల్డింగు మొత్తానికి తెలుగు వచ్చినవాళ్ళు ఇద్దరే. ఆ రోజు నుంచీ "తమ్ముడూ", "అక్కా". ఆదివారం వస్తే రైలెక్కి వెర్రిబీ వచ్చేవాడు. ముద్దపప్పు, ఆవకాయ, అప్పడాలు. నేను కూడా ఆ బల్ల దగ్గర అతనికి వడ్డించినదాన్నే. నేను వండిన కోడికూర రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అప్పుడు చలపతి పెద్ద చిక్కులో ఉన్నాడు. రోబోలు దారి పట్టుకుంటున్నాయి, బాగానే ఉంది. ఆ దారిలో అట్టపెట్టె అడ్డం పెడితే మాత్రం పక్కకి పోవడం లేదు. పాత వాసన లాగుతుంటే అదే పెట్టెని మళ్ళీ మళ్ళీ గుద్దుకుంటున్నాయి. వాసన చాలక అలా చేస్తున్నాయని ఇతని అభిప్రాయం. ఇంకా గాఢంగా పోస్తే ఇంకా గట్టిగా గుద్దుకునేవి. నాలుగు నెలలు అలాగే గడిచిపోయాయి.

ఈవిడ వంటింటి చీమలని చూడటం అప్పుడే మొదలుపెట్టారు. పళ్ళెం అడ్డం పెట్టగానే చీమలు గందరగోళపడి అటూ ఇటూ పరుగెడతాయి. కొన్ని కుడి నుంచి, కొన్ని ఎడమ నుంచి వెళ్తాయి. కాసేపటికి దగ్గరి పక్కన కొత్త బారు కుదురుతుంది. పంచదార తీసేస్తే సాయంత్రానికల్లా ఆ బారు ఉన్న గుర్తు కూడా ఉండదు. మూడువారాలు రాసుకుని, ఒక ఆదివారం భోజనాల దగ్గర చెప్పారు. నేను అక్కడే ఉన్నాను.

"తమ్ముడూ, నువ్వు వాసన పెంచుతున్నావు. పెంచడం కాదురా, పోనివ్వాలి. చీమలు తిరిగినంతసేపే ఆ దారి ఉంటుంది. తిరగడం మానేస్తే ఆరిపోతుంది. పాత దారి ఆరితేనేగా కొత్త దారి కనిపించేది?"

చలపతి ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేశాడు. "అక్కా! ఎవాపొరేషన్ రేటు! నా సిమ్యులేషన్‌లో అది ఫిక్స్‌డ్‌గా పెట్టేశానండి, అసలు ముట్టుకోలేదు" అని లేచి, చెయ్యి కూడా కడగకుండా కాగితం వెతుక్కున్నాడు.

తర్వాత రెండు నెలలు ఈవిడ చేసిన పని ఇంతా అంతా కాదు. వినైల్ నేల మీద కర్పూరం గీత ఎంతసేపట్లో ఆరుతుంది, సిమెంటు మీద ఎంతసేపు, ఏసీ ఉంటే ఎంత, లేకపోతే ఎంత. అన్నీ కొలిచి, రిజిస్టరులో గళ్ళు గీసి పట్టికలు వేశారు. ఆ అంకెలు చలపతి కంప్యూటరులో పెట్టాడు. జూన్‌లో మొదటిసారి ఎనిమిది రోబోలూ పెట్టె దగ్గర తడబడి, చీలిపోయి, చుట్టూ తిరిగి కొత్త దారి వేసుకున్నాయి. ఆ సాయంత్రం ఈవిడ కారెక్కగానే నా చెయ్యి పట్టుకుని, "జాక్లిన్, అచ్చం మా వంటింట్లోవే!" అన్నారు. ఆవిడ మొహం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

ఆగస్టులో కర్పూరం జాడీ మూత పగిలింది. కొత్తది ఆర్డరు పెడితే నెల పడుతుందన్నారు. మూత సరిగా లేక బిళ్ళలు రోజురోజుకీ తరిగిపోతున్నాయి. ఈవిడ తూచి రాసేవారు కదా, తరుగు కళ్ళకి కనిపిస్తోంది. ఊరుకోగలరా? ఇంటి నుంచి గుప్పెడు మిరియాలు పొట్లం కట్టి తీసుకెళ్ళి జాడీలో వేశారు. మన ఇళ్ళల్లో దేవుడి గూట్లో కర్పూరం డబ్బా మూత తీస్తే ఏముంటాయి? బిళ్ళల మధ్య నాలుగు మిరియాలు. ఆరిపోకుండా ఉంటుందని వేస్తారు. దాని వెనక సైన్సు ఎంత ఉందో నాకు తెలీదు, ఆవిడకీ తెలీదు. బాపట్లలో మా పక్కింటి అత్తయ్య వాళ్ళ డబ్బాలో చర్చికెళ్ళే నేనే చూశాను.

ఆ వేసే సమయానికి చలపతి పక్కనే ఉన్నాడు. చూసి పగలబడి నవ్వాడట. "అమ్మో అక్కా, మా అమ్మ కూడా ఇంతేనండి. మా నాయనమ్మైతే లవంగాలేసేది. ఇంకో నాలుగెయ్యండి, ప్రొఫెసర్ గారి కర్పూరం పదిలంగా ఉంటది" అన్నాడట. ఈ మాట ఆవిడ ఆ సాయంత్రమే నాకు చెప్పారు, ఇద్దరం నవ్వుకున్నాం కూడా. అందుకే ఇంత ఖచ్చితంగా రాస్తున్నాను.

అక్టోబరులో ఆసుపత్రి సామాను చేసే ఒక కంపెనీ వాళ్ళు చూడటానికి వస్తామన్నారు. గోడ మీద పెద్ద పోస్టరు వేశారు. అందులో ఈవిడ గళ్ళు గీసిన పట్టిక అచ్చంగా ఉంది. కింద చలపతి పేరు, ప్రొఫెసర్ పేరు. ఈవిడ పేరు లేదు. నేను కస్సుమంటే, "పోన్లేమ్మా, తమ్ముడి చదువు కదా" అన్నారు. ఆ పోన్లే దగ్గరే నేను గట్టిగా పట్టుకుని ఉండాల్సింది.

ముందురోజు సాయంత్రం చలపతి స్టోరుకి వచ్చి, రేపటి ద్రావణంలో కర్పూరం రెట్టింపు వెయ్యమన్నాడు.

"ఎక్కువైపోద్ది తమ్ముడూ. ఆరదు" అన్నారు ఈవిడ.

"షో కదండీ అక్కా. గీత గట్టిగా ఉంటే రోబోలు రయ్యిమని పోతాయి, చూసేవాళ్ళకి బాగుంటుంది. పెట్టె చివర్లో ఒక్కసారే పెడతాం, అప్పటికి కాస్త ఆరుతుందిలెండి."

ఈవిడ వద్దంటూనే కలిపి ఇచ్చారు. రిజిస్టరులో ఆ రోజు తేదీ వేసి, "కర్పూరం రెట్టింపు, చలపతి అడిగినది" అని రాశారు. రాయకుండా ఉండలేరు కదా.

మర్నాడు కోట్లు వేసుకున్న ఆరుగురు వచ్చారు. రోబోలు నిజంగానే రయ్యిమని పోయాయి. వాళ్ళలో ఒకాయన సరదాపడి, తన చేతిసంచీ తీసి దారికి అడ్డంగా పెట్టాడు. మొదటి రోబో గుద్దింది. రెండోది మొదటిదాన్ని గుద్దింది. ఎనిమిదీ ఒకదాని మీద ఒకటి ఎక్కి చక్రాలు గిర్రున తిప్పుకుంటూ ఉండిపోయాయి. ఆ ఆరుగురూ ముందు మర్యాదగా నవ్వారు, తర్వాత మర్యాద లేకుండా నవ్వారు. ప్రొఫెసర్ మొహం ఎర్రగా కందిపోయింది.

అందరూ వెళ్ళాక చలపతి స్టోరులోకి వచ్చి తలుపేశాడు. అతని కళ్ళలో నీళ్ళు. "అక్కా, రెట్టింపు వెయ్యమంది నేనని సార్‌కి చెప్పకండి. నా స్కాలర్‌షిప్ ఎక్స్‌టెన్షన్ కాగితాలు ఆయన బల్ల మీదున్నాయండి. ఇప్పుడు తెలిస్తే నన్ను ఇంటికి పంపించేస్తారు. సమయం చూసుకుని నేనే చెప్తాను, మీ మీద ఒట్టు."

ఇక్కడే ఆవిడ మనవాళ్ళు మాత్రమే చేసే తప్పు చేశారు. పరాయివాళ్ళ ముందు మన పిల్లాడి తప్పు బయటపెట్టడమా అనుకున్నారు. మధ్యాహ్నం ప్రొఫెసర్ పిలిచి, ద్రావణంలో ఏమన్నా తేడా ఉందా అని అడిగితే, "నాకు తెలియదు సర్" అన్నారు. పదకొండేళ్ళు ఆడపిల్లలకి ఉన్నది ఉన్నట్టు రాయమని చెప్పిన మనిషి, ఆ ఒక్క అబద్ధం ఆడి ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఎందుకని నేనడిగితే తలనొప్పి అన్నారు. అసలు సంగతి నాకు నవంబరులో గానీ తెలీలేదు.

నవంబరు మొదటివారంలో టెక్నీషియన్ పోస్టుకి ఇంటర్వ్యూ. ముగ్గురు కూర్చుంటారు: ప్రొఫెసర్, యూనివర్సిటీ ఉద్యోగాల ఆఫీసు నుంచి ఒకావిడ, ల్యాబు వాడుకునేవాళ్ళ తరఫున చలపతి. ఆ కబురు విని ఈవిడ ఎంత సంబరపడ్డారో! "నా ఇంగ్లీషు తడబడితే తమ్ముడు అందుకుంటాడమ్మా" అన్నారు. నేను నా నేవీబ్లూ కోటు ఇచ్చాను. రామ్మోహన్ గారు బూట్లు పాలిష్ చేసి పెట్టారు. స్టేషను దగ్గర దిగుతూ, "ఈ ఒక్కటీ వస్తే చాలు జాక్లిన్, ఇంకేమీ అడగను" అన్నారు.

అక్టోబరులో నా దగ్గర దాచినదీ, ఆ రోజు లోపల జరిగినదీ ఆవిడ ఆ సాయంత్రం కారులో చెప్పారు. చెప్పడానికి చాలాసేపు పట్టింది. వెర్రిబీ స్టేషను బయటే కారు ఆపి కూర్చున్నాం.

మొదట అంతా బాగానే సాగిందట. తూకాలు, సేఫ్టీ, రిజిస్టర్లు, అన్నిటికీ సమాధానం చెప్పారు. తర్వాత ఆఫీసావిడ ఒక కాగితం తీసి చదివింది. అక్టోబరు షో ఎందుకు చెడిందో చలపతి రాసిచ్చిన రిపోర్టు. అందులో ఇలా ఉంది: కర్పూరం జాడీలో పరాయి పదార్థం కనిపించింది, అనుమతి లేకుండా ఎవరో వేసిన మిరియాలు. ద్రావణం చెడటానికి అది కారణం కావచ్చు. జాడీ చూసుకునేది క్యాజువల్ సిబ్బంది.

"ఆ మిరియాలు మీరే వేశారా?" అని అడిగింది ఆఫీసావిడ.

"నేనే వేశాను" అన్నారు శేషుకుమారి గారు. అబద్ధం ఆడటం అంత త్వరగా అలవాటయ్యే మనిషి కాదు. మూత పగిలిందనీ, కర్పూరం తరిగిపోతోందనీ, మా దేశంలో ప్రతి ఇంట్లో ఇలాగే వేస్తారనీ, వచ్చిన ఇంగ్లీషులో చెప్పుకొచ్చారు. చెబుతూ చెబుతూ, ఇక అందుకుంటాడు కదా అని చలపతి వైపు చూశారు.

ప్రొఫెసర్ మంచివాడే. ఆయనా చలపతి వైపే తిరిగాడు. "నీదీ ఆ ప్రాంతమే కదా. ఇలా చేస్తారా?"

చలపతి కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. "నేనెప్పుడూ వినలేదు సర్. ఏ పల్లెటూళ్ళలోనో మూఢనమ్మకం అయ్యుండొచ్చు" అన్నాడు.

అంతే. ఆ గదిలో ఆ సంగతి నిజమో కాదో చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. వాడు చెప్పింది అదీ.

"మీరెందుకు ఊరుకున్నారండీ? ఆరోజు పక్కనే ఉండి ఇంకో నాలుగెయ్యమన్నాడని ఎందుకు చెప్పలేదు?" అని నేను కారులో అరిచినంత పని చేశాను.

"నోరు పెగల్లేదమ్మా. నీకో సంగతి చెప్పనా? ఆ క్షణాన నాకే అనుమానమొచ్చేసింది, నిజంగానే ఎవరూ వెయ్యరేమో, మా ఇంట్లోనే వేస్తారేమోనని. వాడు అంత నిబ్బరంగా అన్నాడు."

"రిజిస్టరు ఉంది కదా! రెట్టింపు వెయ్యమన్నది అతనని అందులో మీ చేత్తో రాశారు కదా!"

"చూపిస్తే ఏమవుద్ది? అక్టోబరులో సార్ అడిగితే నాకు తెలీదన్నదాన్ని నేనే. అబద్ధమాడానని నా రిజిస్టరే చెప్తుంది. వాడి కోసమే ఆడాను, వాడికే పనికొచ్చింది."

నాకు కోపం ఆగలేదు. నేనొస్తాను, బాపట్ల క్రిస్టియన్‌ని, నాకే తెలుసు మిరియాల సంగతి, ఆ ప్రొఫెసర్ ఎదురుగా నిలబడి చెప్తాను, అన్నాను. ఆవిడ కోటు విప్పి, మడతపెట్టి నా ఒళ్ళో పెట్టారు. "సాక్ష్యం చెప్పాల్సినవాడు లోపలే కూర్చున్నాడమ్మా. బయట నుంచి నువ్వొచ్చి ఏం చేస్తావు?" అన్నారు.

పోస్టు ఇంకెవరికో వచ్చింది. ఉత్తరంలో ఆవిడ అనుభవాన్ని మెచ్చుకుంటూ రెండు వాక్యాలు కూడా రాశారు. క్రిస్మస్ దాకా ఆరువారాల క్యాజువల్ పని మిగిలి ఉంది. నేనైతే ఆ జాడీ అతని నెత్తిన బోర్లించి వచ్చేసేదాన్ని. ఈవిడ మాత్రం ఒక్కరోజు మానకుండా వెళ్ళారు. కొత్తగా వచ్చిన కుర్రాడికి ద్రావణం కలపడం, గీత ఎంతసేపటికి ఆరుతుందో కొలవడం, అన్నీ ఓపిగ్గా నేర్పారు.

ఇంటర్వ్యూ మర్నాడే చలపతి వరండాలో వెంటపడ్డాడట. "అక్కా, వినండి. ఔనంటే ఇద్దరం ఒకటే అనుకునేవారండి. రిపోర్టు నేనే రాశాను కదా, మాట మారిస్తే నా పని అయిపోయేది. మీకేమండీ, ఇంకో చోట జాబ్ వస్తది. నాకు పీహెచ్‌డీ పోతే మా ఇంట్లో మొహం చూపించలేను."

శేషుకుమారి గారు ఆగి, అతని మొహంలోకి చూసి, ఒక్కో మాటా కూడబలుక్కుని ఇంగ్లీషులో అన్నారట: "ప్లీజ్ స్పీక్ ఇన్ ఇంగ్లిష్, చలపతి. దిస్ ఈజ్ ఆఫీస్."

అతను మొదట నవ్వులాటనుకున్నాడు. కాదు. ఆ ఆరువారాలూ ఆవిడ అతనితో ఒక్క తెలుగు మాట మాట్లాడలేదు. గుడ్ మార్నింగ్ చలపతి. బాటిల్ ఈజ్ రెడీ చలపతి. అతను అక్కా అని పిలిస్తే అటు చూసేవారు కాదు. తప్పుల ఇంగ్లీషైనా సరే, అందులోనే చెప్పేవారు. ఆ ఇంగ్లీషు కోసం కారులో నన్ను వాక్యాలు అడిగి, నాలుగైదుసార్లు అనుకుని మరీ దిగేవారు. నాకు ఎంత తృప్తిగా ఉండేదో దాచడం దేనికి.

చివరి రోజు మధ్యాహ్నం ఆవిడ తన ఏప్రన్ మడతపెట్టుకుంటుంటే అతను స్టోరు గుమ్మంలో నిలబడ్డాడు. ఎక్స్‌టెన్షన్ వచ్చిందని అప్పటికే అందరికీ తెలుసు. "అక్కా, తిట్టండి. ఒక్కసారి తెలుగులో తిట్టెయ్యండి, పడతాను. ఇలా మాత్రం చెయ్యకండి" అన్నాడట.

ఆవిడ సంచీ భుజాన వేసుకున్నారు. "సారీ. ఐ డోంట్ అండర్‌స్టాండ్" అని, అతని పక్క నుంచి బయటికి వచ్చేశారు.

కారులో ఈ మాట చెప్పగానే నేను స్టీరింగు మీద చరిచి శభాష్ అన్నాను. ఆవిడ మాత్రం కిటికీ వైపు తిరిగి ఏడుస్తున్నారు. అక్టోబరులో గానీ, ఉత్తరం వచ్చిన రోజు గానీ ఆవిడ ఏడవగా నేను చూడలేదు. ఏమైందండీ, మంచి దెబ్బే కొట్టారు కదా, అన్నాను.

"ఆ బిల్డింగులో నాకు తెలుగు మాట్లాడ్డానికి ఉన్నది వాడొక్కడేనమ్మా. ఆరువారాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా నోట ఒక్క తెలుగు మాట లేదు. వాడికెంత శిక్షపడిందో నాకు తెలీదు గానీ, నాకు మాత్రం చాలా పడింది" అన్నారు శేషుకుమారి గారు.